ఈస్ట్ ఇన్ఫెక్షన్ మాటిమాటికీ తిరగబెడుతుంటే ఏం చేయాలి?

మందు వేసుకున్నాక కొన్నాళ్లు హాయిగా ఉంటుంది. పీరియడ్స్ దగ్గరపడేసరికి మళ్లీ అదే దురద, అదే మంట, విరిగిన పాలలా ముద్దలుగా తెల్లబట్ట. పాత చీటీ పట్టుకుని మెడికల్ షాపుకి వెళ్లి అదే బిళ్ల తెచ్చుకుంటారు. నాలుగు రోజులు తగ్గుతుంది, తర్వాత మామూలే. చాలామంది ఏళ్ల తరబడి ఇలాగే నెట్టుకొస్తుంటారు. ఎవరితోనూ చెప్పుకోలేరు. చెప్పుకున్నా "వేడి చేసిందిలే, బార్లీ నీళ్లు తాగు" అన్న సలహాయే దొరుకుతుంది.

నూటికి డెబ్బై అయిదు మంది ఆడవాళ్లకు జీవితంలో ఒక్కసారైనా ఈస్ట్ ఇన్ఫెక్షన్ (యోనిలో ఈస్ట్ అనే ఫంగస్ పెరిగిపోవడం) వస్తుంది. అది పెద్ద సంగతి కాదు. కానీ ఏడాదిలో మూడుసార్లో అంతకంటే ఎక్కువో వచ్చిందంటే లెక్క వేరు. దానికి పరీక్ష వేరు, మందు వాడే పద్ధతి కూడా వేరు. ప్రతిసారీ ఒక్క బిళ్లతో సరిపెడితే అది తిరగబెడుతూనే ఉండొచ్చు. అసలు అది ఈస్టే కాకపోయే అవకాశమూ తక్కువేం కాదు. కింద చెప్పేవి అదే వరుసలో చేయండి. ముఖ్యంగా మొదటిది దాటేయొద్దు.

1. ముందు అది ఈస్టేనా అని తేల్చుకోండి

2002లో అమెరికాలో ఒక పరిశీలన జరిగింది. తమకు ఈస్ట్ ఇన్ఫెక్షనే అనుకుని షాపులో సొంతంగా మందు కొనుక్కున్న 95 మంది ఆడవాళ్లను పరీక్షించారు. నిజంగా ఈస్ట్ ఒక్కటే ఉన్నది మూడో వంతు మందికే. మిగతా వాళ్లలో కొందరికి బ్యాక్టీరియా సమస్య, కొందరికి రెండూ కలిసి, మరికొందరికి అసలు ఏ ఇన్ఫెక్షనూ లేదు. మన దగ్గర మెడికల్ షాపు కౌంటర్ ముందు, పక్కన నలుగురు నిలబడి ఉండగా గొంతు తగ్గించి "కింద దురద" అని చెబితే చేతిలో పెట్టే మందు ఎంతవరకు సరైనదో మీరే ఆలోచించండి.

తేడాలు కొన్ని ఇంట్లోనే గమనించవచ్చు. ఈస్ట్ అయితే దురద ఎక్కువ, వాసన దాదాపు ఉండదు. తెల్లబట్ట గట్టిగా, ముద్దలుగా ఉంటుంది, కొందరికి అదీ ఉండదు. చర్మం ఎర్రబడి చీరుకుపోతుంది, మూత్రం తగిలినప్పుడు పైన మండుతుంది. పీరియడ్స్‌కి ముందు వారం ఎక్కువై, వచ్చాక కాస్త నెమ్మదిస్తుంది. చేపల వాసనతో పల్చగా, బూడిద రంగులో పోతుంటే అది బ్యాక్టీరియల్ వజైనోసిస్ (లోపలి బ్యాక్టీరియా సమతుల్యం చెడటం) కావచ్చు. పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులో నురగలా ఉంటే ట్రైకోమోనాస్ అనే, కలయిక ద్వారా సోకే పరాన్నజీవిని అనుమానించాలి. దీనికి భర్త కూడా మందు వాడాలి. తొడల సందుల్లో అంచులు లేచిన గుండ్రటి మచ్చలతో దురద ఉంటే అది తామర. శానిటరీ ప్యాడ్ రెక్కలు తగిలే చోట మాత్రమే ఎర్రగా ఉంటే అలర్జీ.

వీటిలో ఏదీ కాకుండా, నెల మధ్యలో గుడ్డు తెల్లసొనలా సాగుతూ, దురద లేకుండా పోయేది మామూలు తెల్లబట్ట. అది జబ్బు కాదు. దానివల్ల ఎముకలు కరిగిపోతాయన్న భయమూ అక్కర్లేదు.

గమనించడం వరకు సరే, తేల్చేది మాత్రం పరీక్షే. మందు వాడకముందు, దురద జోరుగా ఉన్నప్పుడే గైనిక్ డాక్టర్ దగ్గరకు వెళ్లండి. పీరియడ్స్ రోజులు కాకుండా చూసుకోండి. అంతకుముందు కొన్ని రోజుల నుంచి లోపల ఏ క్రీమూ, బిళ్లా పెట్టుకోకూడదు. డాక్టర్ దూది చుట్టిన పుల్లతో లోపలి నుంచి నమూనా తీస్తారు. నిమిషం పని. కొంచెం ఇబ్బందిగా ఉంటుంది కానీ నొప్పి పెద్దగా ఉండదు. దాంతో మూడు పనులు జరగాలి: పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత) కాగితంతో చూడటం, మైక్రోస్కోప్ కింద చూడటం, కల్చర్‌కి, అంటే ల్యాబ్‌లో పెంచి రకం తేల్చడానికి, పంపడం. ఈస్ట్‌లో పీహెచ్ మామూలుగానే, అంటే 4.5 లోపే ఉంటుంది. అంతకంటే పెరిగితే పైన చెప్పిన బ్యాక్టీరియల్ వజైనోసిస్, ట్రైకోమోనాస్ వైపు చూడాలి. మైక్రోస్కోప్ రిపోర్టులో "బడ్డింగ్ ఈస్ట్ సెల్స్", "సూడోహైఫే" అని రాస్తే ఈస్ట్ కనిపించిందని అర్థం.

మొదటిసారి వచ్చినవాళ్లకు కల్చర్ అంతగా అవసరం లేదు. మీకు మాత్రం అవసరం, అడిగి మరీ చేయించుకోండి. ఎందుకంటే ఈస్ట్‌లో రకాలున్నాయి. ఎక్కువమందిలో కనిపించేది కాండిడా ఆల్బికాన్స్. మాటిమాటికీ తిరగబెట్టే వాళ్లలో కొందరికి కాండిడా గ్లాబ్రాటా లాంటి వేరే రకం ఉంటుంది. దాని మీద మామూలుగా ఇచ్చే ఫంగస్ బిళ్ల ఫ్లుకోనజోల్ సరిగ్గా పనిచేయదు. ఏ రకమో రిపోర్టులో పేరు రాయమని ల్యాబ్ వాళ్లకు చెప్పించండి.

ప్రభుత్వ ఆసుపత్రుల సురక్ష క్లినిక్‌లలో తెల్లబట్టకు ఆకుపచ్చ కిట్ ఇస్తారు. అందులో బ్యాక్టీరియల్ వజైనోసిస్, ట్రైకోమోనాస్‌లకు వాడే సెక్నిడజోల్, ఈస్ట్‌కి వాడే ఫ్లుకోనజోల్ కలిసి ఉంటాయి. ల్యాబ్ అందుబాటులో లేనిచోట, రెండు రకాల సమస్యలకూ ఒకేసారి పనికొచ్చేలా పెట్టిన ఏర్పాటు అది. మొదటిసారికి సరే. నాలుగోసారీ అదే కిట్ మింగడం మాత్రం గుడ్డి వైద్యం. బయట షాపుల్లో అమ్మే మూడు మందుల కాంబి కిట్ల సంగతీ అంతే.

ఇంకో మాట. ఏ బాధా లేని ఆడవాళ్లలో కూడా పదిమందిలో ఒకరిద్దరికి లోపల ఈ ఈస్ట్ ఊరికే ఉంటుంది. వేరే దేనికో చేయించుకున్న రిపోర్టులో ఈస్ట్ అని కనిపించింది, మీకేమో దురదా మంటా లేవు. అలాంటప్పుడు మందు అక్కర్లేదు.

2. షుగర్ చూపించుకోండి, వేసుకునే బిళ్లల స్ట్రిప్పులు తిరగేయండి

ఈస్ట్‌కి చక్కెర పండగ. రక్తంలో షుగర్ అదుపులో లేనివాళ్లకు ఎన్ని మందులు వాడినా ఇది తిరగబెడుతూనే ఉంటుంది. షుగర్ ఉందని మొట్టమొదట బయటపెట్టేది ఈ దురదే అయిన ఆడవాళ్లూ ఉన్నారు. హెచ్‌బీఏ1సీ పరీక్ష (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించండి. 6.5 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే షుగర్ వ్యాధి, 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే దాని గడప మీద ఉన్నట్టు. మన ఇళ్లలో అమ్మకో నాన్నకో షుగర్ ఉండటం మామూలైపోయింది కాబట్టి, వయసు ముప్పయ్యే కదా అని ఊరుకోకండి.

షుగర్ ముందే ఉండి, మందులు వాడుతున్నవాళ్లు ఇప్పుడే లేచి స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పేరు చదవండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, ఇలా పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉందా? ఈ మందులు రక్తంలో ఎక్కువైన చక్కెరను మూత్రంలోంచి బయటికి పంపేస్తాయి. గుండెకు, కిడ్నీలకు మంచివే. కానీ ఆ చక్కెర మూత్రం తగిలిన చోట ఈస్ట్ పెరగడానికి వీలవుతుంది. 2020 అక్టోబర్‌లో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ ముగిశాక మన దేశంలో చాలా కంపెనీలు దీన్ని చవకగా తెచ్చాయి. ఇప్పుడు మెట్‌ఫార్మిన్‌తో కలిపిన బిళ్లల్లోనూ ఉంటోంది. కాబట్టి తెలియకుండానే వాడుతున్నవాళ్లు ఎక్కువ. బిళ్ల సొంతంగా ఆపేయకండి. షుగర్ డాక్టర్‌కి మొహమాటపడకుండా "ఈ మందు మొదలుపెట్టాకే దురద మాటిమాటికీ వస్తోంది" అని చెప్పండి. మార్చాలా, కొనసాగిస్తూ జాగ్రత్త పడాలా అన్నది ఆయన నిర్ణయిస్తారు. కొనసాగించాల్సి వస్తే, మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ మామూలు నీళ్లతో పైన కడిగి, మెత్తటి గుడ్డతో అద్దుకోండి.

మిగతా కారణాలు తొందరగా చూద్దాం. యాంటీబయాటిక్స్ లోపలుండే మేలు చేసే బ్యాక్టీరియాను కూడా చంపేస్తాయి, ఆ ఖాళీలో ఈస్ట్ పెరుగుతుంది. జలుబుకీ ఒళ్లునొప్పులకీ యాంటీబయాటిక్ వేసుకునే అలవాటుంటే మానండి. నిజంగా అవసరమై వాడినప్పుడల్లా దురద వస్తుంటే ఆ సంగతి ముందే డాక్టర్‌కి చెప్పండి, పక్కనే ఫంగస్ మందు కూడా రాస్తారు. ఆస్తమాకో కీళ్లవాతానికో స్టెరాయిడ్ బిళ్లలు వాడేవాళ్లకు, ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకు, గర్భిణులకు కూడా ఇది ఎక్కువ వస్తుంది.

3. ఈసారి కోర్సు సగంలో ఆపకండి

కల్చర్‌లో కాండిడా ఆల్బికాన్స్ అని తేలితే వైద్యం రెండు దశల్లో జరుగుతుంది. మొదటి దశలో ఫ్లుకోనజోల్ 150 మిల్లీగ్రాముల బిళ్ల మూడు రోజులకొకటి చొప్పున మూడు వేస్తారు. ఇవాళ సోమవారం ఒకటి వేసుకుంటే, గురువారం రెండోది, ఆదివారం మూడోది. ఇక్కడితో దురద పోతుంది. చాలామంది ఆగిపోయేదీ ఇక్కడే. అసలు వైద్యం ఇక్కడి నుంచే మొదలవుతుంది: వారానికి ఒక్క బిళ్ల, ఆరు నెలల పాటు.

బాధ లేనప్పుడు మందెందుకు అనిపిస్తుంది. 2004లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో వారానికో బిళ్ల వేసుకున్నవాళ్లలో పదికి తొమ్మిది మందికి ఆ ఆరు నెలలూ మళ్లీ రాలేదు. ఉత్తుత్తి బిళ్ల ఇచ్చినవాళ్లలో నలుగురు కూడా అలా నిలబడలేదు. అయితే మందు ఆపి మరో ఆరు నెలలు గడిచేసరికి, మందు వాడినవాళ్లలోనూ బాగా ఉన్నవాళ్లు పదికి నలుగురే మిగిలారు. అంటే ఇది శాశ్వతంగా వేళ్లతో పీకేసే మందు కాదు, అణచి ఉంచే మందు. ఈలోగా షుగర్ లాంటి అసలు కారణాన్ని సరిచేసుకోవాలి.

వారంలో ఒక రోజు పెట్టుకోండి. శనివారం ఉపవాసం ఉండేవాళ్లకు శనివారం రాత్రి, ఆదివారం కూర వండేవాళ్లకు ఆదివారం. ఏదైనా సరే, ఫోన్‌లో అలారం ఉంటే మరవరు.

కానీ ఈ కోర్సు డాక్టర్ రాస్తేనే మొదలుపెట్టాలి. గర్భం ఉన్నా, వచ్చే అవకాశం ఉన్నా ఫ్లుకోనజోల్ మింగకూడదు. లివర్ జబ్బు ఉంటే చెప్పాలి. రక్తం పల్చబడే వార్ఫరిన్‌తో, కొన్ని కొలెస్ట్రాల్ బిళ్లలతో దీనికి పడదు. షుగర్‌కి గ్లిమెపిరైడ్ వాడేవాళ్లకు దీంతో కలిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు వస్తే అది నీరసం కాదు, షుగర్ డౌన్.

మింగడం కుదరనివాళ్లకు లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ బిళ్లలు ఉన్నాయి. గర్భిణులకు ఇవే, ఏడు రోజులు. ఎలా పెట్టుకోవాలో షాపులో ఎవరూ చెప్పరు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను. రాత్రి పడుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. బిళ్లను ఒక్క క్షణం నీళ్లలో తడపండి, ఎండుగా ఉంటే గీరుకుంటుంది, సరిగ్గా కరగదు కూడా. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, చూపుడు వేలితో వేలు అందినంత లోపలికి నెట్టండి. కడుపులోకి పోయి ఎక్కడో ఇరుక్కుంటుందని భయపడకండి, ఆ దారి గర్భసంచి ముఖద్వారం దగ్గర మూసుకునే ఉంటుంది. తర్వాత లేచి తిరగకుండా పడుకోండి. పొద్దున తెల్లటి పొడి, పిండి ముద్దలు వస్తాయి. అది మందే, జబ్బు ఎక్కువైందనుకుని కడిగేసుకోవద్దు. ఈ బిళ్లలు, క్రీములు కండోమ్‌ను బలహీనపరుస్తాయని కూడా గుర్తుంచుకోండి.

కల్చర్‌లో గ్లాబ్రాటా వస్తే దారి వేరు. 600 మిల్లీగ్రాముల బోరిక్ యాసిడ్ క్యాప్సూల్ లోపల పెట్టుకోమని డాక్టర్లు రాస్తారు, రాత్రికొకటి, మూడు వారాలు. నోట్లో వేసుకుంటే అది విషం, గర్భిణులు దగ్గరకే రానివ్వకూడదు, పిల్లలకు అందకుండా దాచాలి. క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్ కూడా అదేగా అని ఇంట్లో ప్రయోగాలు చేయొద్దు.

ఇక ట్యూబుల గురించి. ఫంగస్ మందు, యాంటీబయాటిక్, స్టెరాయిడ్ మూడూ కలిపిన క్రీములు మన షాపుల్లో విరివిగా దొరుకుతాయి. ట్యూబ్ మీద రాసిన మందుల పేర్లలో క్లోబెటసాల్, బెటామెథసోన్ లాంటివి కనిపిస్తే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. రాసిన పూటే దురద ఆగిపోతుంది, అందుకే అందరికీ ఇష్టం. లోపల ఫంగస్ మాత్రం బతికే ఉంటుంది, పైన చర్మం పల్చబడి చీలుతుంది, ఆపగానే రెట్టింపు దురద. మీ ఇంట్లో అలాంటి ట్యూబ్ ఉంటే ఈ పని కోసం వాడకండి.

4. కడగడం తగ్గించండి

జబ్బు వచ్చిందంటే శుభ్రత చాలలేదని మనవాళ్ల నమ్మకం. అందుకే దురద పెరిగేకొద్దీ ఎక్కువ కడుగుతారు. వేడినీళ్లు, సబ్బు, డెటాల్ చుక్కలు, సువాసన వేసిన ఇంటిమేట్ వాష్, వేపాకు కషాయం. ఇవన్నీ చర్మాన్ని ఎండబెట్టి మంట పెంచేవే. లోపల దానంతట అదే శుభ్రపడుతుంది. అక్కడి మేలు బ్యాక్టీరియా తయారు చేసే ఆమ్లమే కాపలా. లోపలికి నీళ్లు కొట్టుకోవడం పూర్తిగా మానేయండి, బాత్రూమ్‌లో జెట్ స్ప్రేతో సహా. పైన మాత్రం రోజుకొకటి రెండుసార్లు మామూలు నీళ్లు చాలు. దురదగా ఉన్న రోజుల్లో సబ్బు అసలే వద్దు.

కడిగాక ఆరబెట్టుకోవడం మాత్రం మరవకండి. మనకు నీళ్లతో కడుక్కునే అలవాటుంది, తుడుచుకునే అలవాటు లేదు. ఆ తడి మీదే చీరో చుడీదారో సర్దుకుంటాం. బ్యాగులో చిన్న మెత్తటి నూలు గుడ్డలు రెండు మూడు పెట్టుకుని, ముందు నుంచి వెనక్కి అద్దుకుని, సాయంత్రం ఉతికేయండి.

5. బట్టల సంగతి

లోపలి బట్టలు నూలువే, కొంచెం వదులుగా ఉండేవి. నైలాన్, లేసు రకాలు పెళ్లిళ్లకూ ఫంక్షన్లకూ ఉంచుకోండి. రాత్రి నైటీ కింద లోదుస్తులు లేకుండా పడుకోవడం మంచిది. రోజూ ప్యాంటీ లైనర్ వాడేవాళ్లు ఆపి చూడండి, కొందరికి దాంతోనే దురద తగ్గొచ్చు. బిగుతు లెగ్గింగ్స్ మే నెల ఎండల్లో రోజంతా వేసుకుంటే లోపల ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

నిజంగా అడ్డుపడేది ఆరేసే చోటు. చాలా ఇళ్లలో ఆడవాళ్ల లోదుస్తులు తీగ మీద టవల్ కిందో లంగా కిందో దాచి ఆరేస్తారు, లేదా బాత్రూమ్ కొక్కేనికి. మామగారు చూస్తారని, పక్కింటివాళ్లు చూస్తారని. వానాకాలంలో అవి రెండు రోజులైనా చెమ్మగానే ఉంటాయి. ఎండ తగిలేలా విడిగా ఆరేయండి. కుదరకపోతే ఫ్యాన్ కింద పూర్తిగా ఆరనిచ్చి, లోపలి వైపు నుంచి ఇస్త్రీ చేసి వేసుకోండి. సర్ఫ్ ఎక్కువేస్తే జిడ్డు పోతుందనుకోకండి, సరిగ్గా పోని సర్ఫే దురద పుట్టిస్తుంది. నీళ్లు మార్చి రెండుసార్లు జాడించండి.

వరినాట్లకు వెళ్లేవాళ్లు, రొయ్యల ప్లాంట్లలో నీళ్లలో నిలబడి పనిచేసేవాళ్లు తడి బట్టలతో గంటలు గడుపుతారు. వాళ్లకు ఎండుగా ఉండమని చెప్పడం తేలికే. కనీసం పని అయ్యాక ఇంటికి వచ్చేదాకా ఆగకుండా, అక్కడే మార్చుకోవడానికి పొడి లోదుస్తులు సంచిలో పెట్టుకోండి.

6. తిండి, భర్త

ఇడ్లీ, దోసె పులిసిన పిండి కదా, మానేయాలా అని అడుగుతారు. అక్కర్లేదు. మామిడిపండు, కోడికూర వేడి చేసి ఇది రాదు. షుగర్ వ్యాధి లేనివాళ్లు తీపి పూర్తిగా మానేసినంత మాత్రాన తగ్గుతుందన్న రుజువు లేదు. పెరుగు తినండి, మంచిదే, కానీ లోపల రాసుకోవద్దు. అన్నంలోకి తోడేసుకునే పెరుగులో ఉండే బ్యాక్టీరియా, అక్కడ ఉండాల్సిన బ్యాక్టీరియా ఒకటి కావు. వెల్లుల్లి రెబ్బ పెట్టుకోమని చెప్పే వీడియోలు చూసి చర్మం కాల్చుకోకండి.

ఇది సుఖవ్యాధి కాదు. ఎవరి మీదా అనుమానాలు పెట్టుకోవద్దు. భర్తకు బాధలేమీ లేకపోతే ఆయనకు మందు అవసరం లేదు. ఆయనకూ ఎర్రబడి దురద ఉంటే ఇద్దరూ వాడాలి, ఆయన షుగర్ కూడా చూపించాలి.

7. ఇంట్లో కూర్చోకూడని సందర్భాలు

జ్వరం, పొత్తికడుపులో నొప్పి, దుర్వాసన, పుండ్లు, పీరియడ్స్ కాని రోజుల్లో రక్తం, వీటిలో ఏదున్నా అదే రోజు డాక్టర్‌ని కలవండి. గర్భిణులు సొంత మందు అసలు వాడొద్దు. నెలసరి ఆగిపోయిన వయసులో, షుగర్ లేకుండా, హార్మోన్ మందులు వాడకుండా దురద మాటిమాటికీ వస్తుంటే అది చాలావరకు ఈస్ట్ కాదు. హార్మోన్ తగ్గి చర్మం ఎండిపోవడమో, చర్మం తెల్లగా పల్చబడే లైకెన్ స్క్లెరోసస్ అనే జబ్బో కావచ్చు. అప్పుడు చర్మవ్యాధుల డాక్టర్‌కి కూడా చూపించాలి, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు.

ఆరు నెలల కోర్సు అయ్యాక క్యాలెండర్‌లో గుర్తులు పెట్టడం మొదలుపెట్టండి: దురద వచ్చిన తేదీ, పీరియడ్స్ తేదీ, ఆ మధ్య ఏదైనా యాంటీబయాటిక్ వాడితే దాని పేరు. మళ్లీ వచ్చిందంటే మళ్లీ స్వాబ్ (పుల్లతో నమూనా), మళ్లీ కల్చర్. ఈసారి వేరే రకం ఈస్ట్ కావచ్చు, మందు పనిచేయని రకం కావచ్చు, ఈస్టే కాకపోవచ్చు. ఆ పరీక్ష ఇచ్చేదాకా పాత కోర్సులో మిగిలిన బిళ్లలు ముట్టుకోకండి.